పన్నెండో సున్నా

రూతమ్మ నవ్వడం మొదలుపెట్టింది. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ నవ్వు నేను వీధి మొదట్లోనే విన్నాను. గుంటూరులో మిరప కోల్డ్ స్టోరేజీల వెనక వీధులు మీలో ఎంతమంది చూశారో తెలియదు గానీ, అక్కడ కొత్తవాళ్లు అడుగుపెడితే ముందు తుమ్ములొస్తాయి, తర్వాత కళ్లు మండుతాయి, ఆ తర్వాతే ఇళ్లు కనిపిస్తాయి. నేను మూడోసారి తుమ్మి ముక్కు తుడుచుకుంటుండగా ఎవరో ఆడపిల్ల పగలబడి నవ్వింది. వెంటనే ఇంకో గొంతు కసిరింది.

"నోరు మూసుకోవే! ఆ నవ్వేంది? ఎవరన్నా ఇంటే కొంపలు మునగవూ?"

నవ్వింది రూతమ్మ. కసిరింది వాళ్లమ్మ ఎస్తేరమ్మ. ఇరవై ఏడేళ్ల కూతురు నవ్వితే కొంప మునుగుతుందని భయపడే తల్లిని నేను చూడటం అదే మొదటిసారి. ఆ భయాన్ని ఆమెకు పెట్టింది నేనే అని తెలియడానికి ఇంకో పావుగంట పట్టింది.

నా పేరు కనకవల్లి. డాక్టర్ కనకవల్లి అంటారు గానీ మందులిచ్చే డాక్టరును కాను. గాయం మీటరు అని మీరు టీవీల్లో వింటుంటారే, దాన్ని తయారుచేసిన ఇద్దరిలో రెండోదాన్ని. మొదటాయన మా డైరెక్టరు వేదాచలం గారు. కాగితాల్లో దాని పేరు వేదనామాపకం. ఆ పేరు నోరు తిరక్క జనం మీటరనే అంటారు, నేనూ అదే అంటాను.

అత్యాచారం కేసుల్లో నేరం జరిగిందా లేదా అనేది డాక్టర్ల రిపోర్టులూ, కెమెరాలూ, రక్తపరీక్షలూ తేలుస్తాయి. ఎన్నేళ్ల శిక్ష అనేది మా మీటరు తేలుస్తుంది. బాధితురాలిని కుర్చీలో కూర్చోబెట్టి తలకు టోపీ తొడుగుతాం. ఒక్క ప్రశ్న కూడా అడగం. ఆ రోజుకు సంబంధించిన వాసన చూపిస్తాం, చప్పుడు వినిపిస్తాం. నోరు మెదపకపోయినా ఒళ్లు జవాబు చెబుతుంది. ఆ జవాబును మీటరు సున్నా నుంచి వంద లోపు ఒక అంకెగా చూపిస్తుంది. అంకెను బట్టి ఏళ్లు పడతాయి. ఆమె బోనెక్కనక్కర్లేదు.

ఇదంతా ఎందుకు కనిపెట్టామంటే, పదిహేనేళ్ల కిందట నేను సాక్ష్యానికని ఒక కోర్టుకు వెళ్లాను. అక్కడ ఒక అమ్మాయిని "నువ్వెందుకు అరవలేదు" అని పదకొండుసార్లు అడిగారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండోసారి ఆమె జవాబు చెప్పకుండా, దాహమేస్తోంది అంది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఇంకే ఆడదీ ఈ దేశంలో కోర్టులో నోరు విప్పే పని లేకుండా చేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. చేశాను కూడా.

రూతమ్మ కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా ఉండేది. వచ్చిన మిరప టిక్కీలకు నెంబర్లు వేసేది. గోతాలను అక్కడ టిక్కీలంటారు. వాళ్లమ్మ అక్కడే మిరపకాయల తొడిమలు తీసే పనిలో ఉండేది. మేనేజరు భానుప్రసాద్ ఒక మధ్యాహ్నం రూతమ్మను చల్లగదిలోకి పిలిచి తలుపు వేశాడు. అంతకుమించి నేను చెప్పను. అప్పట్లో ఆమె కొలత ఎనభై ఒకటి. వాడికి పద్నాలుగేళ్లు పడ్డాయి.

చట్టంలో ఒక చిన్న వాక్యం ఉంది. ఐదేళ్లకోసారి ముద్దాయి అప్పీలులో మళ్లీ కొలత అడగవచ్చు. అంకె పెరిగితే శిక్ష పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ వాక్యం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఏళ్లు గడిచేకొద్దీ కుంగిపోయే ఆడవాళ్ల గురించే ఆలోచించాం. కోలుకునే వాళ్లు ఉంటారని మా బుర్రలకు తట్టలేదు.

భానుప్రసాద్ అప్పీలు వేశాడు. నేరం చేయలేదని కాదు. చేశాననే ఒప్పుకున్నాడు. శిక్ష తగ్గించమన్నాడు, అంతే.

కొలతకు ముందు మేం ఇంటికి వెళ్లి చూడాలన్నది నియమం. జ్వరాలున్నాయా, మందులు వాడుతున్నారా, ఇంట్లో చావులూ గొడవలూ ఏమైనా ఉన్నాయా అని. అందుకే వెళ్లాను.

ఒకటే గది. రూతమ్మ నాకు మంచినీళ్లిచ్చి, ఎలక్ట్రిక్ బస్సు నడపడం నేర్చుకుంటున్నానని చెప్పింది.

"నిన్న రివర్సులో డిపో గోడను ముద్దు పెట్టుకున్నా మేడం. మా సారు తల పట్టుకుని కింద కూకున్నాడు. నాకేమో నవ్వాగలా."

"చాల్లే నీ గొప్ప," అంది ఎస్తేరమ్మ. "మంచం మీద కూచోండమ్మగారూ."

కూర్చున్నాను. దిండు మీద చెయ్యి ఆనించానో లేదో వరసపెట్టి తుమ్ములు. ఏడు తుమ్మాను. దిండు ఎత్తి చూస్తే అందులోంచే మిరపకాయల ఘాటు వస్తోంది.

"దాంట్లో గోతం ముక్క ఉంది మేడం," అంది రూతమ్మ మామూలుగా. "అమ్మ పెట్టింది."

ఎస్తేరమ్మ తల దించుకోలేదు. నా కళ్లలోకి సూటిగా చూసింది.

"పెట్టా. ఏం చెయ్యమంటారు? దీని నెంబరు పడిపోతే వాడు బయటికొస్తాడంట గదా. వకీలు చెప్పాడు. ఆ గోతం వాసనొస్తే దీనికి ఒళ్లంతా వణుకొచ్చేదమ్మా, నెలనెలా డాక్టరు కాడికి తీసుకుపోయేదాన్ని. కొలత అయిందాకా కాస్త వణకనీ, తర్వాత తీసేద్దాం అనుకున్నా. ఇదేమో ఆ దిండు మీదే గుర్రుపెట్టి నిద్రపోతంది! నెల్లాళ్లు ఏడవ్వే తల్లీ అంటే, బస్సు నేర్చుకుంటానంటది. వాడొచ్చి ఈ వీధిలో నిలబడితే అప్పుడు ఎవరు నవ్వుతారో చూద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లివేనా అని అడగబోయాను. మానుతున్న గాయాన్ని రేపమని ఆమెకు చెప్పింది ఆమె మనసు కాదు, నేను రాసిన వాక్యం. గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను.

సోమవారం ఉదయం రూతమ్మ మా ల్యాబుకు వచ్చింది. టోపీ తొడిగాను. చల్లగాలి వదిలాను. ఇనప తలుపు మూసుకునే చప్పుడు వినిపించాను. ఎండు మిరప వాసన వదిలాను. ఈ పని నేను ఇప్పటికి కొన్ని వందలసార్లు చేసి ఉంటాను, కానీ ఆ రోజు నా చేతులు నాకే అసహ్యంగా అనిపించాయి. రూతమ్మ ఒకసారి కళ్లు గట్టిగా మూసుకుంది, కుర్చీ చేతులు పట్టుకుంది, తర్వాత నెమ్మదిగా ఊపిరి వదిలింది. అంతే.

"ఎంతొచ్చింది మేడం?"

"ఇరవై రెండు."

"అంటే ఎన్నేళ్లు?"

"నాలుగు."

"ఐదేళ్లు అయిపోయినయ్ గదా." కాసేపు తన చేతులు చూసుకుంది. "అంటే వదిలేస్తారు. నేను బాగుపడటం తప్పా మేడం?"

తెర మీద అంకె మెరుస్తోంది. దాన్ని అరవై చేయడం నాకు నిమిషం పని. ఎవరికీ తెలియదు. నా కళ్లు ఎటు పోయాయో రూతమ్మ కనిపెట్టేసింది.

"మార్చబాకండి మేడం. దొంగ నెంబరు పెట్టి వాణ్ని లోపల ఉంచితే, నేను జన్మంతా ఆ నెంబరుకు తగ్గట్టు ఏడుస్తూ తిరగాలి. ఐదేళ్లకోసారి మళ్లీ కొలుస్తారు గదా. నావల్ల కాదు." టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఒకటి చెప్పండి. వంద అంటే చచ్చేంత బాధ అనుకుందాం. మరి సున్నా ఎవరు?"

"ఏమీ జరగని వాళ్లు."

"వాళ్లకేమీ జరగలేదని మీకెట్టా తెలుసు?"

"రాసిచ్చారు," అన్నాను.

ఆమెను పంపించేసి తలుపు వేసుకుని కూర్చున్నాను.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఏ కొలతకైనా ముందు సున్నా ఎక్కడుందో తేల్చాలి. బయటి ఆడవాళ్లను పిలిచి "మీకెప్పుడైనా ఇలాంటిది జరిగిందా" అని అడగడానికి వేదాచలం గారికి మొహమాటం. అందుకని ల్యాబులో పనిచేసే ఆడవాళ్లనే తీసుకున్నారు. పన్నెండుమందిమి. "నా జీవితంలో అటువంటి సంఘటన ఏదీ జరగలేదని ధ్రువీకరిస్తున్నాను" అని ఒకే ఒక్క కాగితం టైపు చేయించి, సాయంత్రం టీ దగ్గర హాజరు పట్టీ తిప్పినట్టు తిప్పించారు. అందరూ చూస్తుండగా, బిస్కెట్లు తింటూ సంతకాలు పెట్టాం. పెట్టకపోతే ఏమిటర్థం? అంతమంది ముందు పెన్ను కింద పెట్టేస్తే చాటింపు వేసినట్టే కదా. ఆ కాగితం నా దగ్గరికి అందరికంటే ఆఖర్న వచ్చింది. పైన పదకొండు సంతకాలున్నాయి. నేను పన్నెండోది పెట్టాను.

అబద్ధపు సంతకం పెట్టాను.

డిగ్రీ రెండో ఏడు. కాలేజీ ల్యాబులో సామాన్ల గది. డిమాన్‌స్ట్రేటరు లోపలి నుంచి గడియ పెట్టాడు. నాకప్పుడు పంతొమ్మిది. మా అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు, పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. కష్టపడి మర్చిపోయాను. మర్చిపోయాననే అనుకున్నాను. సంతకాలు పెట్టిన మర్నాడు మమ్మల్ని పన్నెండుమందినీ వరసగా కుర్చీలో కూర్చోబెట్టి రకరకాల చప్పుళ్లు వినిపించారు. అందులో గడియ చప్పుడు కూడా ఉంది. అందరికీ మూడు నుంచి ఆరు లోపల వచ్చింది. నాకు నాలుగు. ఆరు లోపు ఏదొచ్చినా సున్నా కిందే లెక్క అన్నారు. పట్టుబడలేదని నేను ఆ రోజు ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నా మీద జరిగింది. యంత్రం ఏమీ లేదంది. అంటే అంకె తగ్గితే నేరం చిన్నదైపోయినట్టు కాదు. ఆ మనిషి గట్టిదైందని, లేదా కప్పిపెట్టడం నేర్చుకుందని. ఈ సంగతి ప్రపంచంలో తెలిసిన ఒకే ఒక్కదాన్ని నేను. పదేళ్లుగా నోరు మూసుకుని కొలుస్తున్నాను.

వేదాచలం గారి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. డెబ్బై ఏళ్ల మనిషి. చెడ్డవాడు కాదు. విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అయ్యో తల్లీ," అన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత సైంటిస్టు మేలుకున్నాడు. "కానీ ఆలోచించు కనకవల్లీ. సున్నా తప్పంటే స్కేలు మొత్తం తప్పు. నాలుగువందల కేసులు. ఆ నాలుగువందలమందీ రేపు పొద్దున్నే అప్పీళ్లు పట్టుకుని వస్తారు. ఒక్కడి కోసం అందరికీ తలుపు తెరుస్తావా?"

"తలుపు మనమే తెరిచి పెట్టాం సార్. ఒక్కొక్కరూ కోలుకోగానే ఒక్కొక్కడూ బయటికొస్తాడు. ఏడ్చే ఓపిక ఉన్నవాళ్ల మీద చేసినవాడే లోపల ఉంటాడు."

"మీటరు పోతే ఆ ఆడవాళ్లను మళ్లీ బోనెక్కిస్తారు. నువ్వే కదా ఆ పదకొండు ప్రశ్నలూ లెక్కపెట్టుకుని వచ్చి నా ముందు ఏడ్చావు?"

నమస్కారం పెట్టి లేచాను.

గురువారం పొద్దున మా ఆయనకు చెప్పాను. ఆయన పేరు మురహరి, కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. వంటింట్లో గోరుచిక్కుడు కాయలకు ఈనెలు తీస్తున్నాడు. నేను పొయ్యి వైపు తిరిగి చెప్పాను. మొహం చూస్తూ చెప్పలేకపోయాను. ముప్పై మూడేళ్ల కిందటి సంగతి చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎవడు వాడు?" అన్నాడు.

"ఎవడైతే ఏం, చచ్చిపోయాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

నాకు కోపం కట్టలు తెంచుకుంది. "అదేనా అడిగేది? ముప్పై మూడేళ్ల తర్వాత నోరు తెరిస్తే మొదట అడిగేది అదేనా? ఎందుకు చెప్పలేదూ, ఎందుకు అరవలేదూ! కోర్టులో కూడా అదే అడుగుతారు, ఇంట్లో కూడా అదేనా?"

నేను పోపు మాడ్చేశాను. గది నిండా పొగ. ఆయన లేచి కిటికీ తీశాడు, పొయ్యి ఆపాడు. తిరిగొచ్చి కూర్చుని మళ్లీ గోరుచిక్కుళ్లు అందుకున్నాడు.

"తప్పు మాట అడిగాను వల్లీ," అన్నాడు. "కోర్టు ఎప్పుడు?"

"సోమవారం."

"నేనూ వస్తాను."

హైకోర్టులో భానుప్రసాద్ తరఫు వకీలు త్రివిక్రమరావు. మనిషి గొంతు తేనె. "శిక్ష గాయానికి మైలార్డ్. గాయం ఎనభై ఒకటి నుంచి ఇరవై రెండుకు వచ్చింది. సంతోషించవలసిన విషయం. రూతమ్మ గారికి మా అభినందనలు," అన్నాడు. వెనక బెంచీలో రూతమ్మ పెదవులు బిగించుకుంది. ఎస్తేరమ్మ చేతిసంచీని ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది.

కొలిచిన అధికారిగా నన్ను పిలిచారు. ప్రభుత్వ వకీలు షహనాజ్‌కు ముందే చెప్పి ఉంచాను. ఆమె ఒకే ప్రశ్న అడిగింది.

"సున్నా ఎలా నిర్ణయించారు డాక్టరు గారూ?"

కాగితం గురించి, టీ గురించి, పన్నెండు సంతకాల గురించి చెప్పాను. ఆఖరి సంతకం గురించి చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

త్రివిక్రమరావు లేచాడు. తేనె పోయింది.

"ఫిర్యాదు చేశారా?"

"లేదు."

"డాక్టరుకు చూపించుకున్నారా?"

"లేదు."

"అరిచారా?"

"లేదు."

"భర్తకు చెప్పారా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"మొన్న గురువారం."

"మొన్న గురువారం!" వెనకెవరో కిసుక్కున నవ్వారు. "ముప్పై మూడేళ్లు ఆగి, సరిగ్గా కేసుకు నాలుగు రోజుల ముందు గుర్తొచ్చిందన్నమాట. ఋజువేమైనా ఉందా?"

నోరు పిడచగట్టుకుపోయింది. దాహమేస్తోందని ఆ అమ్మాయి ఎందుకందో అప్పుడు తెలిసింది. మురహరి వైపు చూశాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పరీక్ష రాస్తున్నవాడిలా నిటారుగా కూర్చున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఋజువు నేనే," అన్నాను.

"అలాగైతే ఈవిడను మీటరు మీద కూర్చోబెట్టమని కోరుతున్నాను మైలార్డ్. ఈవిడ కట్టిన యంత్రమే ఈవిడ మాట నిజమో అబద్ధమో చెబుతుంది."

పెద్ద జడ్జిగారు నా వైపు చూశారు. ముసలాయన, మాట్లాడే ముందు పెన్ను మూత పెట్టే అలవాటు. "మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే."

పక్క గదిలో కోర్టు మీటరు ఉంది. టోపీ తొడుగుతూ ఆపరేటరు అమ్మాయి "ఏం పెట్టమంటారు మేడం?" అని గుసగుసగా అడిగింది. "స్పిరిట్ వాసన. చెక్క తలుపు గడియ," అన్నాను. ఇన్నేళ్లు వందలమందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను గానీ, టోపీ అంత చల్లగా ఉంటుందని మర్చిపోయాను. గడియ పడింది. నేను ఎప్పుడూ చేసేదే చేశాను. లోపల ఒక మూల మూసుకుని, రేపటి కూరేమిటా అని ఆలోచించాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

తిరిగి హాల్లోకి వచ్చేసరికి కాగితం జడ్జిగారి చేతిలో ఉంది.

"నాలుగు," అన్నారాయన.

"సున్నా కిందే లెక్క మైలార్డ్!" త్రివిక్రమరావు చేతులు చాచాడు. "ఈవిడకు ఏమీ జరగలేదు. ఇదంతా కల్పన."

జడ్జిగారు పెన్ను మూత పెట్టారు.

"అంకె తక్కువుంటే ఏమీ జరగనట్టే. అదేనా మీ వాదన?"

"అంతే మైలార్డ్."

"మీ క్లయింటు నేరం ఒప్పుకున్నారు. రూతమ్మ గారి అంకె ఇరవై రెండుకు వచ్చింది. ఆమె కష్టపడి ఇంకో ఐదేళ్లకు దాన్ని నాలుగుకు తెచ్చుకుందనుకోండి. అప్పుడు మీ క్లయింటు చేసినది జరగనట్టేనా?"

త్రివిక్రమరావు నోరు తెరిచాడు. అవునంటే తన క్లయింటు ఒప్పుకున్న నేరం ఆవిరైపోవాలి, కాదంటే నన్ను అబద్ధాలకోరు అనడానికి లేదు. కాగితాలు అటూ ఇటూ సర్దాడు. సమయం కోరాడు. జడ్జిగారు తీర్పును బుధవారానికి వాయిదా వేశారు.

మధ్యలో మంగళవారం ఒకటి ఉంది. టీవీల్లో నా మొహమే. పక్కింటావిడ తలుపు తీసి నన్ను చూసి మళ్లీ వేసుకుంది. సున్నా పోతే మా అమ్మాయి సంగతేమిటి మేడం అని తెలియని తల్లులు ఫోన్లు చేసి ఏడ్చారు, ఒకావిడ శాపనార్థాలు పెట్టింది. అన్నీ విన్నాను. సాయంత్రం ఇంకో ఫోను వచ్చింది. ఎప్పుడో ల్యాబు మానేసి పిల్లల బడి పెట్టుకున్న మాధురీలత.

"మేడం, ఆ కాగితం మీద నాది నాలుగో సంతకం," అంది.

ఇద్దరం చాలాసేపు ఫోను పట్టుకునే ఉన్నాం.

బుధవారం తీర్పు చదివారు. అప్పీలు కొట్టేశారు. శిక్ష చేసినదానికి గానీ, ఆ తర్వాత ఆమె ఎలా బతికిందన్నదానికి కాదన్నారు. పద్నాలుగేళ్లూ ఖాయం. తిరిగి కొలిచే పనులన్నీ ఎక్కడివక్కడ ఆపి, మీటరు సంగతి ఇంకా పెద్ద బెంచి తేల్చాలన్నారు. అందాకా శిక్ష విషయంలో బాధితురాలు చెప్పదలుచుకుంటే కోర్టు ఆమె నోటి మాట వింటుందన్నారు. ఆ వాక్యం వినగానే వేదాచలం గారి ప్రశ్న మళ్లీ చెవిలో మోగింది. అబద్ధపు సంతకానికి నా మీద విచారణ. ఉద్యోగం నుంచి తప్పించారు. అది న్యాయమే.

బయట వరండాలో ఎస్తేరమ్మ నా దగ్గరికి వచ్చింది. సంచీలో చెయ్యి పెట్టి ఒక గోతం ముక్క తీసింది. దిండులోదే.

"ఎందుకన్నా మంచిదని తెచ్చానమ్మగారూ. ఇక్కడ మళ్లీ కొలుస్తారేమోనని. ఇక అక్కర్లేదు గదా?"

"అక్కర్లేదు."

"ఇక కొలవరుగా?"

"కొలవరు."

ఆమె ఇంకో అడుగు దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించింది.

"మరిప్పుడిది నవ్వొచ్చా అమ్మా?"

ఏం చెప్పను? కన్నకూతురు నవ్వడానికి ఒక తల్లి నన్ను పర్మిషన్ అడుగుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. నోరు తెరిచాను గానీ మాటకు బదులు తుమ్మొచ్చింది. ఆ గోతం ఘాటు అలాంటిది. ఒకటి, రెండు, మూడు, ఆగకుండా తుమ్ముతూనే ఉన్నాను. నల్లకోట్లన్నీ తిరిగి చూశాయి. మురహరి జేబురుమాలు కోసం తడుముకుంటున్నాడు. రూతమ్మ ఆపుకోలేకపోయింది. హైకోర్టు వరండాలో, అంతమంది మధ్య, పగలబడి నవ్వింది.

ఎస్తేరమ్మ చెయ్యి అలవాటుగా కూతురి నోటికి అడ్డం పెట్టడానికి లేచింది. సగం దూరం వెళ్లి అక్కడే ఆగిపోయింది. దాన్ని కిందికి దించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.